వియ్యంకుల మధ్య కాగితం సంచి

నేను ఒక కాగితం సంచిని. విమానంలో ముందు సీటు వెనక జేబులో, పత్రిక చాటున నక్కి ఉంటాను. కడుపులో తిప్పినవాళ్ళకు దిక్కు నేనే. రెక్కలూ ఇంజన్లూ పైపై అలంకారాలు. విమానాన్ని గాలిలో నిలబెట్టేది నా గుండెధైర్యమే. నన్ను అదరగొట్టే మబ్బు ఇంతవరకు పుట్టలేదు.

నా పుట్టిల్లు మారేడుమిల్లి కొండల్లో ఒక వెదురు పొద. నరికారు, మిల్లులో ఉడకబెట్టారు, పిండారు, ఆరబెట్టారు, లోపల నున్నగా పూత పూశారు. ఇంత వైభోగం చేసి చివరికి ఏ పనికి కుదిర్చారో చూడండి! ఒకాయన నాలో వేయించిన వేరుశెనగలు పోసుకుని తిని, దులిపి మళ్ళీ జేబులో పెట్టాడు. ఒకావిడ మల్లెపూలు దాచుకుంది. అసలు పనికి మాత్రం ఎవరూ పిలవలేదు.

మా సీటు గవర్రాజుది. నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో మేనేజరు. వారం వారం హైదరాబాదు నుంచి రాజమండ్రికి ఈ పంకాల విమానంలోనే, కిటికీ పక్క ఈ సీటులోనే వస్తాడు. బెల్టు ఎలా కట్టుకోవాలో చూపిస్తుంటే ఆవులిస్తాడు. "మనకిది వీధరుగండీ" అంటాడు పక్కవాళ్ళతో. చిన్న కుదుపు వస్తే చాలు, పత్రిక తిరగేస్తున్నట్టు నటిస్తూ నేను ఉన్నానో లేదో వేలితో తడిమి చూసుకుంటాడు. ఈ సంగతి ఆయన భార్యకు కూడా తెలియదు.

ఆ ఉదయం ఆయన పక్కన కాబోయే వియ్యంకుడు, అంబాజీపేట కొబ్బరి వర్తకుడు సత్తిరాజు కూర్చున్నాడు. విమానం ఎక్కడం అదే మొదలు. గవర్రాజు కూతురు హిమజ అదే విమానానికి రెండో పైలట్. సంబంధం అన్నివిధాలా నచ్చింది గానీ, సత్తిరాజు ఒక మెలిక పెట్టాడు. పెళ్ళయ్యాక పిల్ల విమానం నడపడం మానెయ్యాలి. గవర్రాజు పంతానికి పోయి, "ఒక్కసారి నాతో ఎక్కండి బావగారూ. మా అమ్మాయే నడుపుద్ది. దిగాక కూడా మానమంటే, మానిపించే పూచీ నాది" అనేశాడు. పిల్లను ఎవరూ అడగలేదు. అది మనుషుల పద్ధతి. ఆమె ముందు గదిలో తన పని చేసుకుంటోంది. ఆమె ఉద్యోగం మాత్రం వెనక వీళ్ళిద్దరి కడుపుల్లో ఊగుతోంది.

కడుపులంటే చెప్పాలి. పొద్దున్నే హైదరాబాదులో గవర్రాజు ఇంట్లో వియ్యాలవారి మర్యాద జరిగింది. గోదావరి మర్యాద మీకు తెలిసిందే. వద్దన్నకొద్దీ వడ్డించాలి, వడ్డించింది వదలకూడదు. పెసరట్లు, ఉప్మా, నేతి బొబ్బట్లు. వియ్యంకుడిని ఒంటరిగా తిననివ్వడం బాగోదని, ఎప్పుడూ గుక్కెడు కాఫీతో విమానమెక్కే గవర్రాజు కూడా సమానంగా లాగించాడు.

కొండలు దాటాక మబ్బులు అడ్డొచ్చాయి. విమానం ఒక్కసారిగా జారింది. పై అరల్లో సామాను గడగడలాడింది.

"ఏంటండీ బావగారూ, కిందికే పోతన్నట్టుంది?" అన్నాడు సత్తిరాజు, కుర్చీ చెయ్యి బిగించి పట్టుకుని.

"అబ్బే, గాలి ఆడతందండీ. మామూలే."

"మామూలైతే మీకా చెమటలేంటండీ?"

"పొద్దున తిన్న నెయ్యండీ, పైకి తేల్తంది."

మళ్ళీ జారింది. ఈసారి ఇంకా లోతుకి. సత్తిరాజు తన ముందున్న జేబు తడిమాడు, ఖాళీ. ఆయన చెయ్యీ గవర్రాజు చెయ్యీ ఒకేసారి నా మీద పడ్డాయి. చెరో అంచూ పట్టుకున్నారు. అక్కడ మొదలైంది మళ్ళీ మర్యాద.

"మీరు కానివ్వండి బావగారూ."

"ఆయ్, ఎంతమాట! మగపెళ్ళివారు. ముందు మీరు."

"పెద్దోరు మీరుండగా నేనా?"

"మొహమాటపడకండి, మరేం పర్లేదు."

పొద్దున బొబ్బట్టు కొసరినట్టే నన్ను కొసరుకుంటున్నారు. వెనక సీటులోంచి ఒకావిడ, "ఎవరో ఒకరు కానివ్వండయ్యా, లేకపోతే ఇటివ్వండి!" అని అరిచింది.

నా గుండెధైర్యం గురించి మొదట్లో ఏదో కూశాను. మరిచిపోండి. ఆ క్షణాన నా మడత మడతా వణికింది. విమానం మాట దేవుడెరుగు, చెరోవైపు లాగుతుంటే చిరక్కుండా ఉండడమే గగనమైంది. గవర్రాజు వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. చావుకు భయపడే వేళ్ళు నాకు తెలుసు, ఇవి వేరు. నోరు తెరిస్తే కూతురి ఉద్యోగం పోతుందని పళ్ళు బిగబట్టాడాయన.

అప్పుడు పైనున్న స్పీకర్లోంచి హిమజ గొంతు వినిపించింది. "నమస్కారమండీ. ముందు మబ్బులున్నాయి, పక్కనించి తిప్పుకుని వెళ్తన్నాం. కాసేపు కుదుపులుంటాయి, బెల్టులు తీయకండి." పొరుగింటి పిన్నిగారికి పచ్చడి ఎలా నూరాలో చెబుతున్నంత నిదానం. విమానం ఒరిగింది, తిరిగింది. మబ్బు పక్కకి తప్పుకుంది. కింద గోదావరి తళతళలాడింది. చక్రాలు నేల తాకాక ఇద్దరూ నన్ను ఖాళీగా, ఉన్నదున్నట్టు జేబులో పెట్టి లేచారు.

లేస్తూ లేస్తూ సత్తిరాజు అన్నాడు. "బావగారూ, అమ్మాయి మానక్కర్లేదండి. అంత గాలిలో గొంతు వణికిందా చూశారా? మానితే మీరు మానండి."

"నేనెందుకండీ?"

"మీరెక్కితే పక్కోళ్ళు హడలిపోతన్నారండి బాబూ!"

గవర్రాజు నవ్వబోయి, ఏడ్చినంత పని చేశాడు.

ప్రస్తుతం నా మకాం విమానాశ్రయం వెనక చెత్తకుప్పలో, ఖాళీ కొబ్బరిబొండాల మధ్య. వాడని సంచికి అక్కడేం పనని అడుగుతారు మీరు, తెలివైనవారు. సరే, ఒప్పుకుంటాను. హిమజ ఉద్యోగం నిజం. సత్తిరాజు మాట నిజం. నన్ను ఖాళీగా జేబులో పెట్టారన్నదొక్కటే కోత.

ఎవరి పుణ్యమో మాత్రం చెప్పను. పెళ్ళింకా కాలేదు.