స్టిక్కరు మీద కుంకుమ

మైదుకూరు మార్కెట్ వెనక ఉన్న ఛార్జింగ్ షెడ్డు చిన్నది. అయినా అందులో పదకొండు కరెంటు ఆటోలు పడతాయి. డ్రైవరు ఆటోను వాకిట్లో ఇనుప పలక మీద నిలిపి బయటికొచ్చేస్తాడు. ఆ తర్వాత పలకలే కదులుతాయి. లోపల పన్నెండు గళ్లు, ఒకటి ఖాళీ. అంకెల బిళ్లలను ఒక్కొక్కటే జరిపి వరసలో పెట్టే పిల్లల ఆట ఉంటుంది కదా, అట్లా ఆ ఒక్క ఖాళీలోకి ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూ ఆటో లోపలికి పోతుంది. ఆటోకూ ఆటోకూ మధ్య జానెడు సందు. పైనుంచి ఒక ఇనుప చెయ్యి దిగి, ఆటో ముందుభాగంలో ఛార్జింగ్ మూత పక్కనున్న నలుపు తెలుపు గళ్ల స్టిక్కరును కెమెరాతో చూసుకుని, వైరు తానే తగిలిస్తుంది.

మా నాయన ఓబులేష్ ఆటో తోలుతాడు. ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే వీలు లేదు. ఆ షెడ్డులో చోటు కోసం నాలుగు నెలలు తిరిగాడు. చోటు ఇచ్చిన రోజు, షెడ్డు చూసుకునే శివకుమారక్క, "స్టిక్కరు మీద దుమ్ము గూడా పడనీయొద్దన్నా" అని చెప్పిందట. నాయన ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పాడు. కాబట్టి నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు.

ఆయుధపూజ పొద్దున ఆటోను కడిగి అలంకరించింది నేనే. అద్దానికి విభూతి పట్టెలు, చక్రాలకు పసుపు, ముందర బంతిపూల దండ. నాయనను కన్న మా జేజి మంచం మీద కూచుని చూస్తూ, "అది తిండి తినే నోరు యాడుండాదే మహేశ్వరీ? దానికి పెట్టినావా బొట్టు?" అంది. విసుర్రాయికి కూడా గింజలు పోసే నోటి దగ్గరే కదా పెడతాం. మూత చుట్టూ పసుపు పూసి, స్టిక్కరు నడుమ నిండుగా కుంకుమ పెట్టాను. నాయన మాట అప్పుడు గుర్తు రాలేదు. కాదు, గుర్తొచ్చింది. ఇంత బొట్టుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

పది గంటలకు నాయనతో షెడ్డుకు పోయాను, డ్రైవర్లకు బొరుగులూ బెల్లమూ పంచాలని. మా ఆటో లోపలికి పోయింది. ఇనుప చెయ్యి దాని మీదికి దిగి, అటు ఊగింది, ఇటు ఊగింది, ఆగిపోయింది. ఎర్ర లైటు వెలిగింది. పలకలన్నీ నిలిచిపోయాయి.

"ఏమైందమ్మా? నా బండి బయటికి రావాల!" అని ఇంకో ఆటో డ్రైవరు దాసన్న కేక పెట్టాడు. ఆయన వెనక బల్ల మీద కృష్ణవేణమ్మ కూచుని ఉంది. వారానికి మూడుసార్లు ఆమెను డయాలసిస్‌కు ప్రొద్దుటూరు తీసుకుపోయేది దాసన్నే. పదకొండున్నరకు అక్కడ ఉండాలి. వాచిన కాళ్లకు చెప్పులు పట్టక వాటిని ఒళ్లో పెట్టుకుంది. బస్సు మెట్లు ఎక్కలేదు. దాసన్న ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేశాడు. పండగ రోజు, బండ్లన్నీ బాడుగలకు పోయాయి.

శివకుమారక్క కంప్యూటర్‌లో చూసింది. "కెమెరాకు అంతా ఎర్రగా అగుపిస్తాండాది. కుంకుమ. ఓబులేషన్నా, నీ బండే."

"నేను యాడ పెట్టినా..." అంటూ నాయన నా వైపు చూశాడు. నేను బొరుగుల సంచిలోకి చూస్తున్నాను.

"నేనేలేమ్మా. పొద్దున తొందర్లో పెట్టినా" అన్నాడు నాయన.

"ఏమప్పా ఓబులేసూ, దాని కండ్లల్లో కారం కొడితివే!" అన్నాడు దాసన్న. "బొట్టు పెట్టేదానికి ఇంగ చోటే దొరకలేదా? ఆయమ్మకేమన్నా అయితే ఎవరప్పా దిక్కు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయన టవల్‌తో మెడ తుడుచుకున్నాడు. అప్పుడే చెప్పాల్సింది.

కంపెనీ నంబరుకు ఎంత చేసినా ఎవరూ ఎత్తలేదు. శివకుమారక్క కరెంటు మెయిన్ ఆపేసింది. ఎవరో ఒకరు లోపలికి పోయి స్టిక్కరు తుడవాలి. దాసన్న పొట్ట లోపలికి పీల్చుకుని దూరబోయి, మొదటి ఆటో దగ్గరే ఇరుక్కున్నాడు.

"సంగటి తగ్గించు దాసన్నా!" అన్నారెవరో.

"నేను పోతా" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. శివకుమారక్క నన్ను కిందికీ మీదికీ చూసి, మెయిన్ దగ్గర తానే నిలబడి, పొమ్మంది.

పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి సందులో నడిచాను. ఆటోలకు కట్టిన అరటి పిలకలు మొహానికి గీసుకున్నాయి. అన్ని ఆటోలకూ బొట్లున్నాయి, అద్దాలకు, తలుపులకు, చక్రాలకు. ఒక్క స్టిక్కరు మీద కూడా పసుపు చుక్క లేదు. అందరికీ ఆ మాట గుర్తుంది. మా స్టిక్కరును చున్నీ తడిపి తుడిస్తే కుంకుమ ఇంకా పరుచుకుంది. మళ్లీ మళ్లీ తుడిచాను. చివరికి తెల్ల గళ్లు తేలాయి.

బయటికొచ్చాక పలకలు కదిలి, ఒక్కొక్కటే జరిగి, దాసన్న ఆటో వాకిట్లోకి వచ్చింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "ఈ బిడ్డను చూసి నేర్చుకో ఓబులేసూ. నువ్వు చేసిన గలీజు పసిబిడ్డ తుడిచొచ్చింది."

"సల్లంగుండు తల్లీ" అంది కృష్ణవేణమ్మ ఆటో ఎక్కుతూ.

చున్నీ ఎర్ర కొసను పిడికిట్లో దాచుకున్నాను.

"పది దినాలు నీకు చోటియ్యలేనన్నా. రూలు" అంది శివకుమారక్క. నాయన తల ఊపాడు. పది దినాలంటే అన్ని దినాలూ ఆటో ఇంటిముందు నిలబడటమే.

"అక్కా, పెట్టింది నేను. నాయన కాదు" అన్నాను.

అంతమంది ఒకేసారి నన్ను చూడటం నాకు అదే మొదలు. శివకుమారక్క నెమ్మదిగా, "ఎవరు పెట్టినా బండి అదే గదా పాపా. రూలు మారదు" అంది. దాసన్న ఆటో కదిలిస్తూ నాయన వైపు తల బయటికి పెట్టాడు. "అబద్ధం గూడా ఎంత సక్కగా చెప్తివప్పా! ఇంగ నీ మాట ఎట్లా నమ్మేది?"

తర్వాత మా ఆటో ఛార్జింగ్ ఎక్కకుండానే బయటికొచ్చింది. రోడ్డు మీదికి తెచ్చాక నాయన, "నిన్నెవరడిగినారు?" అన్నాడు. "నన్ను తిట్టినారు, అయిపోయిండె. ఇప్పుడు వాళ్ల ముందర నన్ను అబద్ధాలోన్ని జేస్తివి."

చెప్తే నా బరువు తగ్గుతుందనుకున్నాను కానీ, అది ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు.

ఎప్పుడూ నాయన పక్కన ముందు సీట్లో కూచునేదాన్ని. ఆ పూట వెనక కూచున్నాను, బాడుగ మనిషి మాదిరి. నాయన పైనున్న అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి, అద్దాన్ని పక్కకు తిప్పేశాడు.