మెట్ల మీది పాట

పాల డిపో గోడ మీద మనిషెత్తున మరక మిగిల్చి వెళ్ళిన వరదకి మరుసటి ఏడు జరిగింది ఇది. ఆ వీధివాళ్ళు అప్పటి నుంచి ఏ సంగతైనా వరదకి ముందు, వరద తర్వాత అనే చెప్పుకుంటారు. ఫలానా పిల్ల వరదకి ముందు పుట్టింది, ఫలానా మంచం వరద తర్వాత కొన్నది, ఇలాగ.

వీధి చివరింట్లో కేకల తాత ఉండేవాడు. పేరు విని మాటకారి అనుకుంటే పొరపాటే. కళాసీల ముఠాలో కేక పెట్టే పని ఆయనది. బాయిలర్లు, అచ్చు మిషన్లు, ఇనప్పెట్టెలు, క్రేను దూరని సందుల్లోకి ఏది చేర్చాలన్నా మోకులు కట్టి, దుంగల మీద దొర్లించి చేర్చేవాళ్ళు. పదిమంది ఒక్కసారిగా లాగాలంటే ఒకడు కేక పెట్టాలి. వయసంతా ఆ కేకకే పోయింది. మాటలన్నీ పని దగ్గరే ఖర్చుపెట్టి ఇంటికి ఖాళీ జేబుతో వస్తాడని బతికున్నన్నాళ్ళూ భార్య సాధించేది. పని మానేశాక నోరు కూడా మానేశాడు. "ఊఁ" అంటే సరే. "ఊహూఁ" అంటే కాదు. ఏదీ అనకపోతే కోపం వచ్చిందని అర్థం.

కొడుకు లారీ మీద దూరాలు తిరుగుతాడు. నెలకోసారి వచ్చి, కడుపు నిండా తిని, కళ్ళ నిండా నిద్రపోయి, మళ్ళీ వెళ్తాడు. కోడలు లాండ్రీలో పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీ చేస్తుంది. మనవరాలిది పదో తరగతి. నోటి పదును చూసి వీధి పెట్టిన పేరు సూది.

సూది ర్యాప్ కడుతుంది. తాత లెక్కలో అది పాటా కాదు, మాటా కాదు. తగాదాకి దరువు వేసినట్టుంటుంది. అయినా ఆ పిల్ల గోడవారన కూర్చుని గొణుక్కుంటుంటే, ఆయన కుడికాలి బొటనవేలు తనంతట తాను ఆడేది.

ఆ ఏడు సూది వరద మీద ఒకటి కట్టింది. అమ్మ పనిచేసే లాండ్రీలో, ఇస్త్రీపెట్టె బుస్సుమంటుంటే అదే దరువుగా పెట్టుకుని, ఫోనులో రికార్డు చేసింది. అందులో బడి మెట్ల సంగతి ఉంది. వరద వచ్చినప్పుడు వీధి జనమంతా బడికే పరిగెత్తారు. కింది గదులన్నీ నీళ్ళు. పై అంతస్తుకి తాళం. పగలగొడితే కేసవుతుందని తాతతో సహా అందరూ జంకారు. తాళం తీసేవాళ్ళు రాలేదు. పిల్లాజెల్లా రెండు రాత్రులు మెట్ల మీదే ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. సూది ఇలా కట్టింది:

నీళ్ళు మెట్లెక్కాయి, మేమూ మెట్లెక్కాం
పైన తాళం చూసి అక్కడే చతికిలబడ్డాం
లోపల బెంచీలు పొడిపొడిగా పడుకున్నాయి
బయట పసిప్రాణాలు తడితడిగా వణుకుతున్నాయి

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత తాళం వేసినవాళ్ళని మూడు బూతులు తిట్టింది. మామూలు బూతులు కావు. ఒకటి తల్లిని తగిలేది, రెండోది నడుం కింద తగిలేది, మూడోది ఎక్కడ తగులుతుందో పెద్దవాళ్ళకే సరిగ్గా తెలీదు.

పాట ఫోన్ల మీద ఎగిరి వీధి దాటింది, బడంతా పాకింది. బేకరీ పిన్నికి కవల ఆడపిల్లలున్నారు, రెండో తరగతి. చుట్టాలు వచ్చిన రోజున వాళ్ళిద్దరూ పళ్ళు తోముకుంటూ, నోటి నిండా నురుగుతో, ఆ మూడో మాటని ఒకరికొకరు అందిస్తూ పాడారు. పిన్ని ఉడికిపోతూ సూది ఇంటి గుమ్మంలోకి వచ్చింది.

"నా పిల్లలకి పాలపళ్ళు కూడా ఊడలేదమ్మా. ఆ మాట మాత్రం ముప్పై రెండు పళ్ళూ వచ్చినవాడిలా స్పష్టంగా అంటున్నారు" అంది.

సూదికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి పిన్ని నేరుగా బడికి వెళ్ళింది.

హెడ్ మేడమ్ తాతని పిలిపించింది. ఆమె మరీ కఠినురాలేమీ కాదు. తాతకి కుర్చీ చూపించి, తను కూడా అప్పుడే కూర్చుంది. పాట మీద తనకి పగ లేదనీ, రెండో తరగతి పిల్ల వచ్చి ఆ మాటకి అర్థమేమిటని అడిగితే ఏం చెప్పాలో తోచలేదనీ అంది. ఎల్లుండి ప్రార్థన సమయంలో సూది అందరి ముందూ నిలబడి, ఆ పాట చెత్త అనీ, ఇక పాడననీ చెప్పాలి. పక్కన ఇంటి పెద్ద నిలబడాలి. లేదంటే టీసీ తీసుకోవాలి. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఇప్పుడు టీసీ ఇస్తే ఏ బడీ చేర్చుకోదని ఆమెకీ తెలుసు, తాతకీ తెలుసు.

పసిపిల్ల అడిగిందన్న మాట దగ్గర తాత "ఊఁ" అన్నాడు. మిగతాదానికి ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక మాత్రం, ఆ ఇంట్లో ఎవరూ ఎరగని విధంగా, ఆయన కాసేపు మాట్లాడాడు. ముఠా కేకల్లో బూతు లేకుండా బాయిలరు కదిలేది కాదట. కానీ అన్నం క్యారేజీ పట్టుకుని ఎవరి పిల్లలైనా పని దగ్గరికి వస్తే, వెనకున్నవాడు దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే తాత కేకలో మాట మార్చేసేవాడు.

"మాట మారిస్తే మిషను ఆగిపోయేదా?" అంది సూది.

"ఊహూఁ."

"నా పాటలో ఆ మాటలు తీసేస్తే ఉప్పు లేని కూర అవుతుంది తాతా."

"పిల్లలకి కారం తగ్గించి పెడతాం. కూర పారబొయ్యం."

సూది మూతి ముడుచుకుంది. పెద్దవాళ్ళు ఫోనులో వినే పాటల్లో ఇంతకంటే ఘోరమైనవి ఉన్నాయనీ, వాటిని ఎవరూ ప్రార్థనలో నిలబెట్టడం లేదనీ వాదించింది. తాత కాదనలేదు. నిన్ను వింటున్నది రెండో తరగతి అన్నాడు, అంతే. సూదికి అక్కడ పట్టు జారింది. కవలల్ని చంకనెత్తుకు తిరిగిన పిల్ల అది.

సరే, బదులు ఏం పెట్టాలి అని ఇద్దరూ గోడవారన కూర్చున్నారు. తాత ఒక్కొక్కటే బయటికి తీశాడు. దిక్కుమాలినవాడు. ముదనష్టపువాడు. కాలే కడుపు ముందు కాళ్ళూపేవాడు. చచ్చినవాడి చెప్పులు కొలుచుకునేవాడు. సూది నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. ఈయన నోట్లో ఇన్ని తిట్లు పొదుపు చేసి పెట్టుకున్నాడని ఎవరికి తెలుసు? పైగా వాటి పక్కన తను పెట్టిన బూతులు వెలిసిపోయినట్టు కనిపించాయి. మూడూ తీసేసి, వీటిలో మూడు ఏరి పెట్టింది. దరువు తప్పలేదు. నిజానికి బిగిసింది.

మర్నాడు ఆఖరి గంట కొట్టాక ఇద్దరూ హెడ్ మేడమ్ గదికి వెళ్ళారు. ఫోను బల్ల మీద పెట్టి కొత్త పాట వినిపించింది సూది. కాళ్ళూపేవాడి దగ్గర మేడమ్ పెదవి కాస్త కదిలింది. పాట అయ్యాక ఫోనుని వేలితో వెనక్కి జరిపింది. బూతులు పోయాయి, సంతోషం అంది. ఆ మెట్ల ముక్క, తాళం ముక్క కూడా తీసేయమంది.

తాత తల ఎత్తాడు.

"తాళంలో బూతేముందమ్మా?"

మేడమ్ కిటికీ వైపు చూసి, బూతు లేదు గానీ చిన్నపిల్లలు వినదగ్గది కాదు అంది. బడి మీద గౌరవం పోతుంది వాళ్ళకి. ఆ రోజు తాళంచెవి తన దగ్గరే ఉన్న మాట నిజమేననీ, పై గదులు తెరవమని జిల్లా ఆఫీసు నుంచి ఆర్డరు రాలేదనీ, ఎన్నిసార్లు ఫోను చేసినా అటువైపు ఎవరూ ఎత్తలేదనీ, అదంతా పాట కట్టేవాళ్ళకి తెలీదనీ అంది. తాత నమ్మాడు. ఆర్డరు లేనిదే చెయ్యి కదపలేని మనుషుల్ని ఆయన చాలామందినే చూశాడు.

"మీరు చెడ్డవారని పాటలో లేదమ్మా. తాళం ఉందనే ఉంది."

"పసిపిల్లలు వింటున్నారు పెద్దాయనా. అదే నా బాధ."

"ఆ రెండు రాత్రులూ తడిసింది కూడా పసిపిల్లలే కదమ్మా."

మేడమ్ లేచి నిలబడింది. రేపు ప్రార్థనలో బూతుల సంగతితో పాటు, మెట్ల సంగతి అబద్ధమని కూడా చెప్పాలి. చెప్పకపోతే టీసీ సంతకం పెట్టి ఆఫీసులో ఉంచుతాను. అంతే అంది.

ఆ సాయంత్రం కోడలు లాండ్రీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా సంగతంతా విని, గోడకి జారబడింది.

"రెండు ముక్కలు అబద్ధమాడితే ఎవరి సొమ్ము పోయింది మామయ్యా? నా కాళ్ళు చూడండి, స్తంభాల్లా ఎలా వాచాయో. ఇది పది గట్టెక్కకపోతే నా పక్క బల్ల దగ్గరే నిలబడుతుంది. మీ పౌరుషానికి నా పిల్ల ఇస్త్రీ చెయ్యాలా?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సూది అమ్మ కాళ్ళ వైపు చూసింది. "చెప్పేస్తాలే అమ్మా" అంది. అది సూది గొంతులా లేదు.

తాత కంచం పక్కకి జరిపాడు.

"బూతుకి తప్పని చెప్పు. అది తప్పే. మెట్లకి చెప్పకు."

"చెప్పకపోతే టీసీ ఇస్తారు కదా మామయ్యా."

"ఇవ్వనీ. నేను తీసుకోను."

"మీరు తీసుకోకపోతే ఊరుకుంటారా?"

తాత ఏమీ అనలేదు. కోడలు ఆ మొహం వైపు చాలాసేపు చూసింది. లాండ్రీలో చేసింది చాలు, ఇంట్లో ఇస్త్రీపెట్టె ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆమె. లేచి, గిన్నెలు సర్ది, బల్ల మీద దుప్పటి పరిచి, కూతురి యూనిఫాం తీసింది. దాని తర్వాత, అడగకుండానే, మామగారి తెల్ల చొక్కా కూడా తీసింది.

పొద్దున్నే తాత గడ్డం గీసుకుని ఆ చొక్కా వేసుకున్నాడు. బడి ఆవరణలో పిల్లలు వరసల్లో నిలబడ్డారు. ముందు వరసలో కవలలు. సూది మైకు ముందుకు వెళ్ళింది, పక్కన తాత. ఆ పిల్ల చిన్నవాళ్ళ వైపు చూసి, తన పాటలో మూడు చెడ్డ మాటలు ఉన్నాయనీ, అవి వాళ్ళ చెవిన పడకుండా చూసుకోకపోవడం తన తప్పనీ, వాటిని ఎవరూ అనొద్దనీ చెప్పింది. కవలల్లో ఒకతె సరే అన్నట్టు తల ఊపింది. సూది ఆగింది.

మెట్ల సంగతి కూడా చెప్పమంది హెడ్ మేడమ్.

"మెట్ల మీద కూర్చున్నాం మేడమ్. అది మాత్రం నిజం."

వరసలు వరసలుగా పిల్లల తలలు వెనక్కి, మెట్ల వైపు తిరిగాయి. వాళ్ళలో సగం మంది అక్కడ కూర్చున్నవాళ్ళే. టీసీ ఆఫీసులో ఉంది, తీసుకుని వెళ్ళండి అంది మేడమ్.

తాత మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. ఆఫీసు గుమ్మం ముందు నుంచే నడిచాడు, లోపలికి చూడలేదు. గుమస్తా కాగితం పట్టుకుని వెనకాలే వస్తుంటే ఆగలేదు. మెట్లెక్కి, పదో తరగతి గదిలోకి వెళ్ళి, సూదిని ఆమె బెంచీ మీద కూర్చోబెట్టాడు. పక్కనున్న పిల్ల జరిగి చోటిచ్చింది. తాత కూడా కూర్చున్నాడు. మోకాళ్ళు డెస్కు కింద పట్టక పక్కకి పెట్టుకున్నాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, మళ్ళీ బెంచీ ఎక్కడం అదే.

గుమస్తా కాగితం డెస్కు మీద పెట్టాడు. తాత దాన్ని ముట్టుకోలేదు. లెక్కల సారు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు, ఇది ఎక్కడి విడ్డూరం అన్నట్టు.

"పాఠం చెప్పండి సారూ. నేను మాట్లాడను" అన్నాడు తాత.

సారు గుమస్తా వైపు చూశాడు, సూది వైపు చూశాడు. ఏ వైపూ ఏమీ తోచక సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు. తాత రెండు చేతులూ డెస్కు మీద పెట్టుకుని, రాస్తున్నది చూస్తూ కూర్చున్నాడు. గంట కొట్టినా లేవలేదు.