కిర్రు చెప్పుల బడి

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా మెథడిస్టు సంఘంలో అందరికీ తెలుసు. శత్రువులను క్షమించమనే వాక్యం వచ్చినప్పుడల్లా పాస్టరుగారు ఆడవాళ్ల వైపు తిరిగి, ఏరికోరి నా మొహం చూసి మరీ చదువుతారు. నేనూ బుద్ధిగా తలూపుతాను. కానీ మా ఊరి పోలీస్ పటేల్ ముత్యంరెడ్డిని మాత్రం పద్నాలుగేళ్లు క్షమించలేదు. సుల్తానాబాద్‌లో నేను తోలుపని బడి పెడితే, పాపం మగ్దలేనమ్మ నలుగురికీ బతుకుదెరువు చూపిస్తోందని మెచ్చుకున్నారు. నలుగురి సంగతి తర్వాత. ఆ బడి నేను పెట్టింది ముత్యంరెడ్డి కోసం.

మా బాపు పేరు మైసయ్య. సుల్తానాబాద్‌కు రెండు మైళ్లలో మా ఊరు. ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో కిర్రు చెప్పులు కుట్టడం వచ్చినవాడు బాపు ఒక్కడే. అడుగు తీసి అడుగు వేస్తే కిర్రు కిర్రుమని మోగే చెప్పులవి. పటేల్ వస్తున్నాడని పటేల్ కంటే ముందు ఆ మోత చెప్పాలి, అది వినగానే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడాలి. ఊళ్లో ఆ మోత ఒక్క పటేల్‌కే చెల్లు. కుట్టిన మా బాపు మాత్రం ఉత్త కాళ్లతో తిరగాలి. కొలతకైనా పటేల్ కాలు ముట్టుకోకూడదు. ఆయన బూడిదలో ఒక అడుగు వేసి పక్కకు జరిగితే, బాపు వంగి గడ్డిపరకతో ఆ గుర్తును కొలుచుకునేవాడు.

పోలీస్ యాక్షన్‌కు ముందటి ఏడు, నాకు పన్నెండేళ్లప్పుడు, బాపు పటేల్ కోసం కొత్త జత కుట్టాడు. కిర్రు వచ్చిందో లేదో చేత్తో వంచి చూస్తే తెలియదు. దాని మీద మనిషి బరువు పడాలి. అందుకని కుట్టినవాడు తొడుక్కుని పదడుగులు వేసి చూడటం ఆ పనిలో భాగమే. ఎవరి కంటా పడకుండా ఇంటి వెనకాల గోడచాటున వేసి చూసుకునేవాడు బాపు. కళ్లకు గోడ అడ్డం గానీ చెవులకు అడ్డమా? ఆ రోజు పటేల్ వాగు దిక్కు నుంచి మా వాడ మీదుగా రావడం మా ఖర్మ.

"నా కిర్రు మీ వాడల ఎట్ల మోగుతున్నదిరా మైసిగా?" అన్నాడు.

"కిర్రు వచ్చిందా లేదా అని సూస్తున్న పటేలా. నీ బాంచెను, తొడిగితెనే తెలుస్తది" అన్నాడు బాపు.

ఆ మాట చెవికెక్కితే వాడు పటేల్ ఎందుకవుతాడు? రెండు చెప్పులూ బాపు నెత్తిన పెట్టించి ఊరు చుట్టూ మూడుసార్లు తిప్పాడు. పటేల్ చెప్పులు తొడిగిన, నాది తప్పు అని ప్రతి ఇంటి ముందూ ఆగి చెప్పించాడు. నేను బాపు వెనకాలే మూడుసార్లూ తిరిగాను. కొందరు తలలు దించుకున్నారు, కొందరు నవ్వారు. నవ్వినవాళ్ల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. తిప్పడం అయ్యాక పటేల్ ఏం చేశాడనుకున్నారు? పసుపునీళ్లు చల్లించి, అవే చెప్పులు తొడుక్కుని కిర్రుమంటూ ఇంటికి పోయాడు.

ఆ రోజు నుంచి బాపు తోలు కుట్టే ఆరె పట్టలేదు, తోలు కోసే రంపె ముట్టలేదు. రోడ్డు పనిలో కంకర కొట్టాడు. లంద ఎండిపోయింది. తోలు నానబెట్టే ఆ తొట్టిలో నన్ను కన్న మా అవ్వ తోటకూర వేసింది. బాపు ఒక్క మాట అనేవాడు కాదు. ఆయన అనాల్సినవన్నీ నేనే అనుకుంటూ పెరిగాను. మిషన్ వాళ్ల బడిలో చేతిపనుల తరగతి ఉండేది. అందులో చేతిసంచులు, బెల్టులు కుట్టడం నేర్చుకున్నాను. పెళ్లయింది. మా ఆయన దేవదాస్‌కు బెల్లంపల్లి బొగ్గుబావిలో పని. కంపెనీ క్వార్టర్ వచ్చింది రమ్మన్నాడు. పగ ఇక్కడుంటే నేనక్కడికి పోయి ఏం చేయను? పోలేదు.

అరవై ఒకటిలో, నా ఇరవై ఆరో ఏట, సుల్తానాబాద్ అంగడి తోవలో ఒక గది తీసుకున్నాను. మా ఊరి నుంచి తాలూకా కచేరీకి పోవాలంటే ఆ గది ముందు నుంచే పోవాలి. ముత్యంరెడ్డి ఎడ్లబండి వారానికి రెండుసార్లు అటు పోతుందని ముందే చూసుకున్నాను. మిగిలింది బాపు. కిర్రు ఆయన చేతిలో తప్ప ఇంకెక్కడా లేదు. నెల రోజులు వెంటపడ్డాను.

"నేర్పుత బిడ్డా. గని ఒక్క మాట. వచ్చి అడిగినోళ్లు ఎవ్వలైన గాని నేర్పుత. నువ్వు అడ్డం రావద్దు" అన్నాడు చివరికి.

నేను వెనకాముందు చూడకుండా సరేనన్నాను. గది ముందు బోర్డు కట్టించాను: "మైసయ్య తోలుపని బడి. ఇచ్చట చెప్పులు అమ్మబడవు, పని నేర్పబడును. ఎవరి చెప్పులు వారే కుట్టుకొనవలెను." ఆ చివరి మాట ఎవరి కోసం రాయించానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మొదట ముగ్గురు వచ్చారు. మా వాడ మనిషి రాయమల్లు, బియ్యం మిల్లులో బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్నవాడు. మొగుడు పోయిన ఎల్లక్క. మగ్గం మూలపడ్డ సాలె బుచ్చిరాములు. సాలోడివి తోలు ముట్టుకుంటావా అని బుచ్చిరాములును కులపోళ్లు నిలదీశారట. "నూలు బువ్వ పెడ్తలేదు, తోలన్న పెడ్తదేమో సూద్దాం" అన్నాడట అతను. పచ్చితోలు గీకడం, తంగేడు చెక్క నీళ్లలో ఊరేయడం, చెప్పు అడుగున వేసే తోలు అట్టలు కోయడం, ఆరెతో రంధ్రం పొడిచి తోలు వార లాగడం, అన్నీ బాపు చేయి పట్టుకుని నేర్పాడు. పద్నాలుగేళ్లు కంకర కొట్టిన చేతులు వారంలో దారికొచ్చాయి. రెండో నెల తిరిగేసరికి ముగ్గురి కాళ్ల కిందా కిర్రు మోగింది.

ఇక మా ఊళ్లో తమాషా మొదలైంది. పొద్దున్నే కిర్రు కిర్రుమని వినబడగానే, పటేల్ మళ్లీ కొత్త జత కుట్టించుకున్నాడనుకుని అరుగుల మీది పెద్దమనుషులు కండువాలు సర్దుకుంటూ లేచేవారు. సందు మలుపు తిరిగి వచ్చేది రాయమల్లు. తిట్టుకుంటూ కూర్చునేవారు. నాలుగు రోజులు అట్లా లేచి కూర్చున్నాక లేవడం మానేశారు. అసలు పటేల్ తన పాత జతకే కరీంనగర్‌లో అట్ట మీద అట్ట వేయించుకుంటూ వచ్చాడు. దాని కిర్రు ఎప్పుడో చచ్చిపోయింది. ఆయన పిల్లిలా వచ్చి ముందర నిలబడినా చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నవాళ్లు చూడటంలేదని రాయమల్లు చెప్తే, ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ముందు రాయమల్లును పిలిపించి ఒక జత కుట్టమన్నాడట పటేల్. "నాకు నా కాలి కొలతే నేర్పిండ్రు పటేలా" అన్నాడట రాయమల్లు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటే అదీ. ఆ తర్వాత జీతగాడు హనుమండ్లును నా దగ్గరికి పంపాడు.

"అక్కా, పటేలుకు ఒక జత గావాల్నట" అన్నాడు హనుమండ్లు.

"బోర్డు సదువుకో."

"నాకు సదువు రాదక్కా."

"అయితే ఇను. ఈడ ఎవ్వల చెప్పులు వాళ్లే కుట్టుకోవాలె. మీ పటేల్‌ను వచ్చి నేల మీద కూసోని తోలు గీకుమను. గప్పుడు నేర్పుతం."

ఆ మాట అన్నాక ఎంత హాయిగా ఉందో. వాడు రాడనే నా ధీమా. రాడు, ఊళ్లో కిర్రు లేని పటేల్‌గా ఎండుతాడు, అది చూస్తూ నేను ముసలిదాన్నవుతాను. నా లెక్క అంతే. కానీ ఆ ఏడు పంచాయతీ సమితి ఎన్నికలు తగులుకున్నాయి. ముత్యంరెడ్డి ప్రెసిడెంటుకు నిలబడాలనుకున్నాడు. కిర్రు లేకుండా ఊళ్లల్లో తిరిగితే తనను గుమాస్తా అనుకుంటారని భయం పట్టుకుంది. ఒక పొద్దున ఎడ్లబండి మా గది ముందు ఆగింది.

దిగాడు. జుట్టు నెరిసింది గానీ మెడ వంగలేదు. పద్నాలుగేళ్లుగా నేను కూర్చిపెట్టుకున్న మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. గడప దగ్గరే నిలబెట్టి కడిగేద్దామని లేచాను. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి బాపు గొంతు వచ్చింది.

"రాండ్రి పటేలా, కూసోండ్రి."

గోనెసంచి పరిచాడు. పటేల్ దాని మీద కూర్చున్నాడు. బాపు ఆయన కుడికాలు చేతిలోకి తీసుకుని, అట్ట మీద పెట్టి, బొగ్గుతో చుట్టూ గీత గీశాడు. పటేల్ తల పక్కకు తిప్పుకున్నాడు గానీ కాలు వెనక్కి లాక్కోలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నం సద్ది మూట విప్పినప్పుడు బాపును పట్టుకున్నాను. "నీకు యాదికి లేదా బాపూ? నీ నెత్తి మీద చెప్పులు వెట్టిచ్చినోడు గీయిన్నే గదా. ఆని కాలు పట్టుకున్నవ్, సిగ్గనిపియ్యలేదా?"

"యాదికెందుకు లేదు బిడ్డా. నెత్తి నాదే గద" అన్నాడు బాపు, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ. "అడిగినోనికి నేర్పుత అన్న. నువ్వు సరే అన్నవ్."

మూడు వారాలు బాపుతో నేను మాట్లాడలేదు. ముత్యంరెడ్డి రోజూ వచ్చాడు. పచ్చితోలు గీకుతుంటే మొదటి రోజు బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. ఎల్లక్క చెంబుతో నీళ్లిచ్చింది. ఆరె గుచ్చుకుని వేళ్లు చీరుకుపోయాయి. ఇంటికి పోతే ఆయన భార్య బావి దగ్గర తలస్నానం చేయించి గానీ గడప తొక్కనిచ్చేది కాదట. బంధువులు పక్కన కూర్చుని తినడం మానుకున్నారట. ఇవన్నీ హనుమండ్లు మోసుకొచ్చి చెప్పేవాడు. వింటే కొంచెం కడుపు చల్లబడేది. తలెత్తి చూస్తే మళ్లీ మండేది. ఎందుకంటే బాపు ఆయన పక్కనే కూర్చుని, గట్ల కాదు పటేలా, గిట్ల లాగాలె అంటూ పసివాడికి చెప్పినంత ఓపికగా చెప్పేవాడు. ఇంత నెమ్మదైన మనిషి కడుపున నేనెట్లా పుట్టానా అనుకున్నాను.

జత పూర్తయింది. అది అంగడి రోజు, ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం. పటేల్ సొంతంగా చెప్పులు కుట్టాడట, తొడుగుతాడట అని నాలుగూళ్ల జనం రోడ్డు మీద పోగయ్యారు. పటేల్ గడప దిగి, తొడుక్కుని, మీసం సవరించుకుని నడిచాడు. ఒక అడుగు. పది అడుగులు. ఇరవై అడుగులు. చప్పుడు లేదు. కాలు ఎత్తి గట్టిగా తొక్కాడు. దుమ్ము లేచింది, కిర్రు లేవలేదు. ముందు ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత అంగడంతా నవ్వింది.

పటేల్ వెనక్కి వచ్చి చెప్పులు విడిచి బాపు ముందర పడేశాడు. "మైసిగా, కిర్రేదిరా?"

నేను వంగి ఒక చెప్పు చేతికి తీసుకున్నాను. అట్టల అంచు దగ్గర ఆముదం వాసన కొట్టింది. రెండట్టల నడుమ వేసే తోలు ఎండి, గట్టిగా ఉంటేనే కిర్రు పుడుతుంది. దానికి నూనె తాగిస్తే నోరు మూసుకుంటుంది. మాకందరికీ బాపు మొదటి రోజే చెప్పిన మాట అది. పటేల్‌కు ఆముదం గిన్నె అందించింది ఎవరో నాకు అర్థమైంది. బాపు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"ఏమో పటేలా" అన్నాడు బాపు, చేతులు కట్టుకుని. "మీరు నడిస్తె నాకేం తెలుస్తది? కుట్టుడు నేర్పినోడు తొడిగి సూస్తెనే ఎక్కడ తప్పైందో ఎరికైతది. నేనెట్ల తొడుగుదు? మీ చెప్పులాయె."

నవ్వులన్నీ ఆగిపోయాయి. మా ఊరివాళ్లకు ఆ మాట ఎక్కడిదో తెలుసు. ముత్యంరెడ్డికి ఇంకా బాగా తెలుసు. మొహం కందగడ్డ అయింది. చుట్టూ చూశాడు. రేపు తనకు ఓటు వేయాల్సినవాళ్లంతా ఆయన మొహం వైపే చూస్తున్నారు. కాలుతున్న రోడ్డు మీద ఉత్త కాళ్లతో ఒకటి ఎత్తి ఒకటి మారుస్తూ నిలబడ్డాడు.

"తొడిగి సూడు" అన్నాడు నెమ్మదిగా.

"ఏంది పటేలా? జర గట్టిగ జెప్పుండ్రి, నాకు వినొస్తలేదు."

"నా చెప్పులు తొడిగి సూడు మైసయ్యా" అన్నాడు పటేల్, అంగడంతా వినేటట్టు.

బాపు తొడుక్కున్నాడు. తొందరపడలేదు. ఒక్కో అడుగూ వేసి, ఆగి, చెవి కిందికి వంచి విని, మళ్లీ అడుగు వేశాడు. బియ్యం మిల్లు దాకా పోయాడు. తిరిగి వస్తూ కైలాసం హోటల్ ముందు ఆగాడు. బెంచీ మీద కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, చాయ్ తెప్పించుకున్నాడు. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. ఇక్కడ ముత్యంరెడ్డి ఎండలో అట్లాగే నిలబడి ఉన్నాడు. నీడలోకి రమ్మని ఒక్కరూ అనలేదు. నేనైతే అననే అనలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత సుఖం నేను ఎరగను, పాస్టరుగారు ఏమనుకున్నా సరే.

బాపు చాయ్ ముగించి, మూతి తుడుచుకుని, నింపాదిగా నడిచి వచ్చాడు. చెప్పులు విడిచి, రెండూ జతగా పటేల్ కాళ్ల ముందర పెట్టాడు.

"నిజమే పటేలా, కిర్రు రాలే" అన్నాడు. "రేపు రాండ్రి. మళ్ల మొదటి సంది నేర్పుత."