ఒక్క నంబరు పెద్ద

లైసెన్సు ఆఫీసులో చిట్టచివరి కిటికీ చచ్చినవాళ్లది. వాళ్ల కార్డులు రద్దు చేసేది అక్కడే. లారీ డ్రైవరు తన భార్య కార్డు జేబులోంచి తీశాడు గానీ చేతిలోంచి వదల్లేదు.

"ఇటివ్వండి బాబాయ్, చిల్లు కొట్టి మీకే ఇచ్చేస్తాను," అంది గుమస్తా పిల్ల.

"చిల్లు నంబరు మీద పడనీయకమ్మా. చివర నాది పదిహేడు, ఆవిడది పద్దెనిమిది. ఒక్క నంబరు పెద్దవాణ్ణని పాతికేళ్లు పెత్తనం చేశాను."

లారీ ఎక్కినప్పుడల్లా ఫోనులో "పదిహేడు బయల్దేరింది" అనేవాడు. "పద్దెనిమిది వింది, మెల్లగా పో" అనేది ఆవిడ.

మొదటిసారి పరీక్షలో అతను బండి వెనక్కి తీస్తూ డ్రమ్ముకు గుద్దాడు. ఆడవాళ్ల పరీక్ష పొద్దున్నే అయిపోయింది. తల వేలాడేసుకుని ఇంటికొస్తే, "నేనూ తప్పాన్లే, ఇద్దరం ఇద్దరమే" అని నవ్వేసింది. మూడు వారాల తర్వాత ఆవిడ పొద్దున, అతను మధ్యాహ్నం మళ్లీ పరీక్షకని వెళ్లి కార్డులు తెచ్చుకున్నారు. ఈలోగా ఆవిడకు రావలసిన స్కూలు వ్యాను ఉద్యోగం ఇంకొకరు తన్నుకుపోయారు. ఆ తర్వాత ఏ గొడవొచ్చినా అతనిది ఒకటే పాట: "నోటి దాకా వచ్చిన కూడు నేలపాలు చేశావు."

ఆవిడ ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

గుమస్తా పాత ఫైలు దుమ్ము దులిపి విప్పింది. "మొదటి రెండంకెలూ ఆఫీసువి, తర్వాతి నాలుగూ సంవత్సరం. చివరివి వరస నంబరు. అది నెగ్గిన రోజును బట్టి రాదు బాబాయ్, ఫైలు బల్ల మీదికొచ్చిన వరసను బట్టి పడుతుంది. అయినా... పిన్ని ఈ కార్డు రావడానికి మూడు వారాల ముందే నెగ్గిందే!"

"ఎవరన్నారు? తప్పింది."

గుమస్తా ఫైలు అతని వైపు తిప్పింది. పరీక్ష పెట్టినాయన సంతకం, మొదటి పరీక్ష తేదీ. కింద గుండుసూదితో గుచ్చిన చీటీ. పక్కకు ఒరిగిన ఆ అక్షరాలు ఎవరివో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"మా ఆయన నెగ్గేదాకా నా ఫైలు ఆపండి. ముందు ఆయనకు నంబరు వేసి, తర్వాత నాకు వెయ్యండి. ఈ సంగతి ఆయనకు చెప్పొద్దు."

అతను కూడబలుక్కుని ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు.

"పెద్దాయనా, అక్కడే కాపురం పెడతారా ఏంటి?" వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

"అమ్మా, ఇప్పుడు వరస మార్చొచ్చా? ఆవిడది ముందు, నాది వెనక."

"మారదు బాబాయ్. ఒకసారి పడిన నంబరు అంతే. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు కూడా." గుమస్తా తల ఎత్తకుండా కార్డు మూలన చిల్లు కొట్టింది. నంబరుకు తగల్లేదు.

అతను బయటికొచ్చి లారీ ఎక్కాడు. తాళం తిప్పాడు. అలవాటు కొద్దీ చెయ్యి ఫోను మీదికి పోయింది.

చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంజను ఆపేశాడు.