రిజర్వు సీటు మీద కాశయ్య అభ్యంతరం

రాళ్ళమడుగు ప్రెసిడెంటు కాశయ్యకు హరిజనులంటే ప్రాణం. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు. మార్కాపురం నుంచి ఏ అధికారి ఊళ్ళోకి వచ్చినా అరుగు మీద కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, "మా ఊళ్ళో తేడాల్లేవు సార్, అందరం ఒక తల్లి బిడ్డలం" అనేవాడు. ఆ బిడ్డల్లో కొందరు అరుగు దాకా ఎందుకు రాలేదో అధికారులు అడిగేవాళ్ళు కాదు. పొద్దు వాలకముందే తిరిగి వెళ్ళాల్సిన తొందర వాళ్ళకుండేది.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, పంచాయతీలో ఒక సీటు హరిజనులకు వదలాలన్నప్పుడు పక్క ఊళ్ళ పెద్దలు ముఖాలు ముడుచుకున్నారు గానీ కాశయ్య ముడుచుకోలేదు. తన పాలేరు అంకన్నను పిలిచి, "ఒరే, ఈ పొద్దు నుంచి నువ్వు మెంబరువి" అన్నాడు.

అంకన్న బెదిరిపోయి, "నేనేం తప్పు చేసినానయ్యా?" అన్నాడు.

తప్పేం లేదని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాడు. మీటింగు ఉన్న రోజు ఎడ్లకు చొప్ప వేసి వచ్చి, మీటింగు జరిగే బడి గుమ్మం బయట నుంచే చెయ్యి చాపి వేలిముద్ర వేసి పోయేవాడు. హరిజనోద్ధరణ అంత తేలికైన పని అని కాశయ్యకు అప్పటిదాకా తెలియదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్ళయ్యాక మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారీ అంకన్నే అనుకుంటూ ఉండగా, ఆ సీటుకు మాదిగపల్లె నుంచి ఇశ్రాయేలు నామినేషన్ వేశాడు.

ఇశ్రాయేలు తండ్రి మిషను వాళ్ళ దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్నవాడు. కొడుకు మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చి, మార్కాపురం పలకల గనిలో మేస్త్రీ అయ్యాడు. వారం వారం కూలి చేతికొస్తుంది కాబట్టి కాశయ్య కళ్ళంలో గింజల కోసం నిలబడే అవసరం అతనికి రాలేదు. నిజానికి కాశయ్యకు అతని మీదున్న కోపమల్లా అదే. ఆ మనిషి ఏనాడూ ఏదీ అడగడానికి రాలేదు.

కాశయ్య బస్సెక్కి మార్కాపురంలో తనకు తెలిసిన ప్లీడరు గుమాస్తా దగ్గరికి పోయాడు. గుమాస్తా ముక్కుపొడుం పీల్చి, "కిరస్తానీ వాడా? ఇంకేం! మతం మారినవాడు హరిజనుల లెక్కలోకి రాడు. చట్టమే చెబుతోంది. అభ్యంతరం పెట్టండి, నామినేషన్ ఎగిరిపోతుంది" అన్నాడు.

ఢిల్లీలో ఎవరో తన కోసమే కూర్చుని చట్టం రాశారని కాశయ్యకు అనిపించింది. ఇంటికొచ్చి గుమాస్తాకు రెండు కోడిపుంజులు పంపించాడు.

నామినేషన్లు పరిశీలించే రోజున ఎలక్షన్ ఆఫీసరు ఊరి బడిలో బల్ల వేసుకు కూర్చున్నాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడతాడు. కాశయ్య లేచి కండువా సర్దుకున్నాడు.

"సార్, ఇశ్రాయేలు హరిజనుడు కాదు. కిరస్తానీ. ఆ సీటు పాపం మా హరిజనులది. వాళ్ళ నోటికాడ కూడు వేరేవాళ్ళు లాక్కుంటే నేను చూస్తా ఊరుకోలేను."

"అంటే ఈయన్ని ఊళ్ళో అంటరానివాడిగా చూడరా?" అని అడిగాడు ఆఫీసరు.

"రామ రామ! ఎందుకు చూస్తాం సార్? ఆయన కిరస్తానీ గదా. మాతో సమానం."

ఆఫీసరు ఇశ్రాయేలు వైపు తిరిగాడు. "నువ్వు క్రైస్తవుడివేనా?"

"ఆదివారం గుడికి పోతాను సార్. సోమవారం నుంచి శనివారం దాకా ఊరు నన్ను ఏమంటాదో, కాగితంలో అది రాసినాను."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తీర్పు ఎల్లుండి మార్కాపురం ఆఫీసులో చెబుతానన్నాడు. కాశయ్య ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాడు.

తెల్లారగానే హోటలు రామయ్య రొప్పుతూ వచ్చాడు. కాశయ్యకు మేనల్లుడి వరస అతను.

"మామా, కొంప మునిగింది. ఇశ్రాయేలు లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. గాజు గ్లాసులో కాఫీ పొయ్యమంటాడు."

"బయట గుంజకు రేకు గ్లాసులు తగిలించి ఉండాయి గదరా, చూపించలేదా?"

"చూపించినా. అవి హరిజనులకు గదా, నేను హరిజనుణ్ణి కాదని మీ మామే ఆఫీసరుకు చెప్పినాడు, అంటుండాడు."

కాశయ్య పోయేసరికి హోటలు ముందర సగం ఊరు గుమిగూడి ఉంది. ఇశ్రాయేలు ఉతికిన చొక్కా వేసుకుని, బల్ల మీద నిమ్మళంగా కూర్చున్నాడు.

"ఒరే, ఏందిరా ఇది?"

"కాఫీ తాగుదామని వచ్చినానన్నా."

అన్నా! ముప్పై ఏళ్ళుగా 'అయ్యా' అనే పిలుపు తప్ప ఆ పల్లె నుంచి మరోటి విననివాడు కాశయ్య. ఎవరో చలికాలంలో నెత్తిన కడవెడు నీళ్ళు కుమ్మరించినట్టయింది.

"ఎవర్రా నీకు అన్న?"

"ఒక తల్లి బిడ్డలమని నువ్వే అంటివి గదా. పోనీ, ఒక్క మాట చెప్పు. నేను హరిజనుణ్ణి కాదంటావా, కాఫీ తెప్పించు. హరిజనుణ్ణే అంటావా, ఆ సీటుకు నిలబడనీ. అదీ లేక ఇదీ లేకపోతే మరి నేనెవుణ్ణన్నా?"

కాశయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, "ఆఫీసులో మాట ఆఫీసుకు, ఊళ్ళో మాట ఊరికి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అది న్యాయంగానే ఉందన్నట్టు తలలూపారు.

"అయితే ఆ మాటే రేపు ఆఫీసరుకు చెప్పు. నేనూ వస్తా" అన్నాడు ఇశ్రాయేలు. ఆఫీసరు పేరు వినగానే రామయ్య చేతికందిన గాజు గ్లాసులో కాఫీ పోశాడు. ఇశ్రాయేలు ఊదుకుంటూ తాగి, డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ గ్లాసును పక్కన పెట్టాలన్న తెలివి కంగారులో రామయ్యకు లేకపోయింది. కడిగి బోర్లించాక గ్లాసులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆ పూట హోటల్లో ఎవరూ కాఫీ తాగలేదు.

మధ్యాహ్నానికి కాశయ్య భార్య పుల్లమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, దాన్ని దబ్బున కింద పెట్టింది.

"ఏమయింది?"

"ఏమయిందా? ఇశ్రాయేలు పెళ్ళాం రూతమ్మ, ఇంకో పది మంది ఆడోళ్ళు మన బావిలో చేదలేసినారు. ఏందమ్మా ఇదంటే, మేం కిరస్తానీలమమ్మా, మీతో సమానమంట, ప్రెసిడెంటు చెప్పినాడు అంటుండారు. నీకేం పోయేకాలమయ్యా, పోయిపోయి ఆఫీసరు ముందర అట్ల చెప్తివి?"

"అది చట్టమే, నీకు తెలియదు."

"ఆ చట్టాన్నే నీళ్ళు తెచ్చిపొయ్యమను" అని ఆమె వంటింట్లోకి పోయింది. ఆ మధ్యాహ్నం పొయ్యి రాజలేదు.

సాయంత్రం అంకన్న ఎడ్లను కట్టేసి, పోకుండా దొడ్డి దగ్గరే తచ్చాడుతున్నాడు.

"ఏందిరా?"

"ఏం లేదయ్యా. ఈ ఆదివారం నేనూ నా పిల్లోళ్ళూ నీళ్ళలో మునిగొస్తే, సోమవారం నుంచి హోటల్లో కూర్చోవచ్చంట గదా. పల్లెలో మిగిలినోళ్ళు కూడా అదే అనుకుంటుండారు. నిన్నొక మాట అడిగి పోదామని..."

కాశయ్య తల పట్టుకుని నులక మంచం మీద కూలబడ్డాడు. ఒక సీటు కోసం పోతే ఊరే చేతిలోంచి జారిపోయేట్టుంది. ఆలోచించగా ఆలోచించగా, ఇశ్రాయేలు హోటల్లో ఉండేకంటే పంచాయతీలో ఉండటమే మేలని తేలింది. పంచాయతీ అంటే నెలకో పూట. హోటలు రోజూ ఉంటుంది.

అనుకున్న రోజున మార్కాపురం ఆఫీసులో కాశయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక గోడ పక్కన ఇశ్రాయేలు ఉన్నాడు.

"సార్, పొరపాటయింది. ఇశ్రాయేలు హరిజనుడే. పక్కా మాదిగ."

"మొన్న కాదన్నారు?"

"మొన్న తెలియలేదు సార్."

"ఇవాళ ఎలా తెలిసింది?"

"తెలియకపోవడమేంది సార్! ఊరంతా తెలుసు. ఆయన మా హోటల్లోకి రాకూడదు, మా బావి ముట్టకూడదు. హరిజనుడు కాకపోతే మేమట్ల ఎందుకు పెడతాం?" అన్నాడు కాశయ్య, ఇంతకంటే రుజువేం కావాలన్నట్టు.

ఆఫీసరు కలం కింద పెట్టాడు.

"కాశయ్యగారూ, అంటరానితనం నేరమని చట్టం వచ్చి నాలుగేళ్ళయింది. హోటల్లోకి రానివ్వకపోయినా, బావి దగ్గర ఆపినా జైలు. మీరు చెప్పిందంతా నేను రాసుకోనా?"

చట్టాలు రాసేవాళ్ళు ఒక చోట కూర్చుని రాయరా అనుకున్నాడు కాశయ్య. ఒక చట్టం ప్రకారం ఇశ్రాయేలు హరిజనుడు కాడు. కాడంటే బావి పోతుంది. అవునని రుజువు చేయబోతే రెండో చట్టం జైల్లో పెడతానంటుంది. ఆయన వెనక్కి తిరిగి, జీవితంలో మొదటిసారి సాయం కోసం ఇశ్రాయేలు వైపు చూశాడు.

ఇశ్రాయేలు కాసేపు ఆ చూపును అట్లాగే ఉండనిచ్చాడు. తరవాత, "అభ్యంతరం వెనక్కి తీసుకుంటే సరిపోతాది గదా సార్" అన్నాడు.

"అభ్యంతరమే లేకపోతే నేను పరిశీలించడానికీ ఏమీ లేదు" అని ఆఫీసరు నామినేషన్ ఖాయం చేశాడు. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగొచ్చారు. దారి పొడుగునా కాశయ్య కిటికీలోంచి రాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

ఎన్నికలో ఇశ్రాయేలు గెలిచాడు. అంకన్నకు అంకన్న ఓటు కూడా పడలేదు. వచ్చే పోయే అధికారులతో కాశయ్య, "మేమే పట్టుబట్టి గెలిపించుకున్నాం సార్" అని చెప్పుకున్నాడు. రామయ్యకు ఒక పక్క జైలు భయం, ఒక పక్క ఊరి భయం. చివరికి కాఫీ కాయడమే మానేసి, చుట్టలూ అగ్గిపెట్టెలూ అమ్ముకున్నాడు. అట్లా రాళ్ళమడుగులో అన్ని కులాలవాళ్ళూ సమానంగా కాఫీ లేకుండా ఉన్నారు. బావికి మాత్రం రూతమ్మ వాళ్ళు రావడం మానలేదు. పుల్లమ్మ వాళ్ళు కోడి కూయకముందే పోయి తెచ్చుకునేవాళ్ళు.

కొత్త పంచాయతీ మొదటి మీటింగు బడిలో పెట్టారు. కూర్చోవడానికి అక్కడున్నది ఒకటే పొడవాటి బల్ల. ఇశ్రాయేలు పక్కన కూర్చునేదెవరు, కూర్చోవద్దని నోరు తెరిచి చెప్పేదెవరు? కాశయ్య గొంతు సవరించుకుని, ప్రజాసేవ నిలబడే చేయాలన్నాడు. మెంబర్లందరూ గోడల వెంబడి నిలబడ్డారు.

పలకల గనిలో పొద్దుగూకులూ నిలబడి రాయి చీల్చే మనిషి ఇశ్రాయేలు. కాశయ్య వీధి దీపాల సంగతి ఎత్తితే, పల్లెకు ఎన్ని అని అడిగాడు. గుంట పూడిక తీయించాలంటే, కూలి ఎవరెవరికి అని అడిగాడు. ప్రతిదానికీ అతనికొక ప్రశ్న ఉంది. ఒక్కో ప్రశ్నకూ జవాబు చెబుతుంటే కాశయ్య మోకాళ్ళు ఒణకడం మొదలుపెట్టాయి. ఆయనకు అప్పుడు అరవై దాటాయి. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు, గోడకు ఆనుకున్నాడు, చివరికి ఆనడం కూడా చేతకాక వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

ఇశ్రాయేలు వచ్చి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, అదే బల్ల మీద కూర్చున్నాడు.

కాశయ్య లేవాలనే అనుకున్నాడు. కాళ్ళు ఒప్పుకోలేదు.

"తర్వాతిది ఏందన్నా?" అని అడిగాడు ఇశ్రాయేలు.

"పశువుల దొడ్డికి తలుపు" అన్నాడు కాశయ్య.