మామ కళ్ళలో పడ్డ మందు

ఫుట్‌బాల్ మైదానంలో పచ్చిక మీద గోధుమరంగు చారలు వలయాలుగా లేచి చాలా రోజులైంది. మైదానం కాంట్రాక్టు మామది, గడ్డికి తెగులు మందు కొట్టే పని అల్లుడిది. ఇద్దరికీ నోరు పెద్దది, ఓపిక తక్కువ. మధ్యలో నలిగిపోయేది కూతురు. సామాన్ల గది తాళాలు ఆమె దగ్గరే ఉండేవి.

ఆ చారలు తెచ్చిన బూజు తెగులు ఈ మందుకు అలవాటు పడిపోయిందనీ, ఇక లొంగదనీ, వేరే రకం తెప్పించమనీ అల్లుడు చెప్పి చెప్పి విసిగిపోయాడు. మామ చెవికెక్కించుకోలేదు. ఇన్నేళ్ళూ పనిచేసిన మందు ఇప్పుడెందుకు పనిచేయదని ఆయన పంతం. ఆ మైదానంలో జరగాల్సిన పోటీ దగ్గర పడింది. ఆ పొద్దున అల్లుడు వచ్చేసరికి మామ డబ్బా ఎత్తి, కొలతా పాడూ లేకుండా ట్యాంకులోకి వంపేస్తున్నాడు.

"ఇంత చిక్కగా కొడితే తెగులు కన్నా ముందు గడ్డే చస్తుంది మామయ్యా. ఆపండి."

"నాకు నేర్పేంత వాడివయ్యావా? చేతకాకపోతే పక్కకి తప్పుకో."

మామ పంపు ఆన్ చేసి గొట్టం అందుకున్నాడు. అల్లుడు దాన్ని పట్టుకుని లాగాడు. మామ లాగి చెంప మీద ఒకటిచ్చాడు. అల్లుడికి ఒళ్ళు తెలియలేదు. పెద్దాయన రొమ్ము మీద ఒక గుద్దు గుద్ది, గొట్టాన్ని రెండు చేతులా గుంజాడు. బిగింపు ఊడిపోయింది. లోపలున్న ఒత్తిడికి మందు ఎగజిమ్మి మామ ముఖాన కొట్టింది.

మామ కూలబడిపోయి పిడికిళ్ళతో కళ్ళు నలుముకోసాగాడు. అల్లుడి కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది. పంపు ఆపి, ఆయన చంకల కింద చేతులు వేసి, కొళాయి తొట్టి దాకా ఈడ్చుకుపోయాడు. తల వంచి నీళ్ళ ధార కింద పెట్టాడు.

తనను ముంచి చంపేస్తున్నాడనే అనుకున్నాడు మామ. అల్లుడి మణికట్టు కొరికాడు. మోచేత్తో ముక్కు పగలగొట్టాడు. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. అల్లుడు మోకాలితో ఆయన వీపు అదిమిపట్టి, బొటనవేలితో రెప్పలు బలవంతంగా విప్పి, నీళ్ళు పోనిస్తూనే ఉన్నాడు. వదిలితే చూపు పోతుందని అతనికి తెలుసు. ఆ మాట చెప్పబోతే నోట్లోకి నెత్తురు వస్తోంది.

గోల విని కూతురు బయటికి వచ్చింది. తండ్రి తల తొట్టిలో ఉంది, వీపు మీద మొగుడి మోకాలు ఉంది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. గోడకానించిన పార తీసి అతని భుజం మీద వేసింది. ఎముక చిట్లిన చప్పుడు ఆమెకు వినిపించింది. అతను వదల్లేదు. రెండో దెబ్బకి పక్కకి ఒరిగిపోయాడు.

"కళ్ళలో మందు పడింది," అన్నాడు నేల మీద నుంచే. "నువ్వు పట్టుకో. నీళ్ళు ఆపకు."

ఆమె పార పడేసి తండ్రి మెడ పట్టుకుంది. ఆయన ఆమెనూ తన్నాడు. ఆమె ఆయన చెంప ఛెళ్ళుమనిపించింది. "నేను నాన్నా. కళ్ళు తెరువు."

కూతురి గొంతు గుర్తుపట్టాకే ఆయన పెనుగులాట మానాడు.

ఆస్పత్రిలో ఒక కన్ను దక్కింది. రెండో దానికి తెల్లటి పొర మిగిలింది. అల్లుడే గుడ్డివాణ్ణి చేశాడని పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు మామ. గొట్టం గుంజింది తనే కాబట్టి అల్లుడు కాదనలేదు. తొట్టి దగ్గర జరిగింది మాత్రం కూతురు చెప్పేది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

భుజానికి కట్టుతో పడుకున్న మొగుడు ఆమెను ఒకే ఒక్కటి అడిగాడు. "రెండోసారి ఎందుకు కొట్టావు?"

"మొదటిసారికి నువ్వు వదల్లేదుగా," అంది ఆమె. క్షమించమని అనలేదు. అతని దిండు సరిచేసి, నీళ్ళ గ్లాసు చేతికందించింది.

పోటీ వేరే మైదానానికి పోయింది. ఆమె వేరే రకం మందు తెప్పించి తనే కొట్టింది. వలయాలు పెరగడం ఆగింది. ఒకనాడు మామ వచ్చి, కొత్తగా లేచిన పచ్చిక మీద వంగి, మునివేళ్ళతో మొదళ్ళ దాకా తడిమి చూశాడు. అక్కడే ఒంటిచేత్తో గొట్టాలు చుడుతున్న అల్లుడిని చూసి, వెనుదిరిగి పోయాడు.