విడిచిన బట్టల వేడి

సరిహద్దు పక్కనున్న సరుకుల గోదాము ముందు పొద్దున్నే బట్టల లారీ ఆగేది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఆ గోదాములోనే దుప్పట్లు అడ్డంగా కట్టి, వాటినే గోడలనుకుని కాపురాలు చేస్తున్నారు. ఆడవాళ్లంతా మూటల చుట్టూ చేరి చొక్కాలొక పక్క, స్వెట్టర్లొక పక్క వేరుచేసేవారు. దేశదేశాల నుంచి వచ్చిన బట్టలవి. ఎన్ని సముద్రాలు దాటొచ్చినా తొడిగి విడిచినవాళ్ల ఒంటి వేడి వాటిలో చల్లారేది కాదు. బాగా వెచ్చనివి ముసలివాళ్లకని పక్కన పెట్టేవారు. ఏ కోటైనా చేతికి చురుక్కుమంటే, దీన్ని వేసుకున్న మహానుభావుడు ఇంట్లో ఎంత చిర్రుబుర్రులాడేవాడో అని నవ్వుకునేవారు.

వాళ్లలో ఒక అత్తగారుండేది. అందరికీ పంచేది కానీ తను మాత్రం ఒక్క శాలువా కప్పుకునేది కాదు. పరాయివాళ్లు విడిచిన బట్ట కట్టే గతి తనకింకా పట్టలేదనేది. కడుపుతో ఉన్న కోడల్నీ వాటిని ముట్టుకోనిచ్చేది కాదు. కొడుకు యుద్ధంలోనే ఉండిపోయాడు. కబురు లేదు.

మంచుకి దారులు మూసుకుపోయిన రోజున, ఏడో నెల నిండకుండానే కోడలికి నొప్పులొచ్చాయి. గోదాములో వైద్యం చూడ్డానికొచ్చిన డాక్టరమ్మది ఒక దేశం, నర్సుది ఇంకో దేశం. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. చేతులు మాత్రం తడబడలేదు. పుట్టిన ఆడపిల్ల అరచేతిలో ఇమిడేంత ఉంది. ఏడవలేదు. ఒళ్లు నీలంగా మారుతోంది. కరెంటు లేదు. ఆస్పత్రి బండి కొండ దిగువన ఇరుక్కుపోయిందనీ, సరిహద్దుకు రెండు వైపులవాళ్లూ పారలు పట్టుకుని మంచు తవ్వుతున్నారనీ తెలిసింది.

"పిల్లకి వేడి కావాలి," అంది డాక్టరమ్మ, తనకొచ్చిన నాలుగు ముక్కల్లో.

అత్తగారు మూటల దగ్గరికి పరుగెత్తింది. ఒక్కో స్వెట్టరూ చెంపకి ఆనించి చూసి, వెచ్చనివన్నీ వాటేసుకుని తెచ్చింది. పిల్లని తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి కప్పారు. ఆ పసి ఒళ్లు ఎంత వేడి లాక్కుందో, కాసేపటికే అవి చల్లబడిపోయాయి. చుట్టూ చేరినవాళ్లు వణుకుతూనే ఒంటిమీదివి విప్పిచ్చారు. అవీ చల్లబడ్డాయి. ఇక కప్పడానికేమీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే, ఎక్కడో దూరదేశంలో బస్సు నడుపుతున్న ఒకాయనకి ఒళ్లు జలదరించింది. ఇంకో దేశంలో పాఠం చెబుతున్న టీచరమ్మ సుద్దముక్క పక్కన పెట్టి చేతులు రుద్దుకుంది. వంటవాళ్లు, తాపీమేస్త్రీలు, మనవల్ని ఆడిస్తున్న అవ్వలు, ఎక్కడివాళ్లక్కడ పని ఆపి, ఎందుకో తెలియకుండానే తమ ఒంటిని తామే గట్టిగా పొదువుకున్నారు.

గోదాములో ముందు ఒక ఊదారంగు స్వెట్టరు వెచ్చబడింది. తర్వాత దాని మీది కోటు. ఆ తర్వాత అన్నీ. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలకు సెగ తగిలింది. పిల్ల పెదాలకు రంగొచ్చింది. సన్నగా, పిల్లికూనలా ఏడ్చింది.

కోడలు కళ్లు తెరిచింది. "ఎవరివత్తయ్యా ఇవి?"

"మనవాళ్లవేనమ్మా," అంది అత్తగారు, స్వెట్టరు అంచు సర్దుతూ.

మధ్యాహ్నానికి దారి తెరుచుకుంది. రెండు దేశాల మనుషులు పారలు పక్కన పడేసి మంచులో వరసగా నిలబడ్డారు. తల్లీబిడ్డలు పడుకున్న మంచాన్ని చేతులు మార్చుకుంటూ బండి దాకా చేర్చారు. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఎవరూ ఊరుకోబెట్టలేదు.